రాస్‌బెర్రీ పై 5 మీద రెట్రోపై: ఇమేజ్ వచ్చేదాకా ఆగాలా, మనమే కట్టుకోవాలా?

పాతక్యాసెట్ (వైట్‌ఫీల్డ్)

అందరికీ నమస్కారం. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడుకునే ఆర్కేడ్ క్యాబినెట్ నా దగ్గర ఒకటి ఉంది. దాని లోపల రాస్‌బెర్రీ పై 3బీ ప్లస్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, కార్డులో పాత ఆటలను నడిపే రెట్రోపై 4.8 అనే సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. రెండు జాయ్‌స్టిక్‌లూ బటన్లూ అన్నీ నేరుగా బోర్డు అంచున ఉండే జీపీఐఓ పిన్నులకే టంకం వేసి ఉన్నాయి. నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్ ఆటలు ఆ బోర్డు మీద నత్తనడక నడుస్తున్నందువల్ల పై 5, 8 జీబీ బోర్డు కొన్నాను. పాత కార్డును అందులో పెడితే ఏమీ మొదలు కాలేదు. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఒక దుకాణంలో "పై 5కు కూడా పనిచేస్తుంది" అని చెప్పి, ఆటలు ముందే నింపిన కార్డు ఒకటి అమ్మారు. అదీ మొదలు కాలేదు.

రెట్రోపై వారి నుంచి పై 5కు సిద్ధమైన అధికారిక ఇమేజ్, అంటే కార్డు మీద నేరుగా రాసుకునే ఫైలు, ఇంకా రాలేదు. ఇది 2024, బోర్డు వచ్చి ఏడాది కావస్తోంది. ఇంకొంత కాలం ఆగడం మంచిదా, లేక వేరే వ్యవస్థకు మారడం మంచిదా అన్నది నా ప్రశ్న. నా షరతులు మూడు. బటన్ల తీగలను విప్పడం నాకు ఇష్టం లేదు, చిత్రం పాత పిక్చర్ ట్యూబ్ టీవీ మీదే రావాలి, పిల్లలు ఇన్నాళ్లుగా దాచుకున్న సేవ్‌లు పోకూడదు.

ఎస్పీరోడ్_బాటసారి

ఆగవలసిన అవసరం లేదండీ. రెట్రోపై లాంటి వ్యవస్థలే అయిన బటోసెరాకు 39వ వెర్షన్‌తో, రికల్‌బాక్స్‌కు 9.2తో పై 5 మద్దతు వచ్చింది. ఇమేజ్ దింపుకుని కార్డు మీద రాసి, పెట్టి ఆడుకోవడమే. నేను బటోసెరా వాడుతున్నాను, ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

టంకంపొగ (జయనగర్)

బాటసారి గారి సలహా మామూలుగా అయితే సరైనదే. కానీ పాతక్యాసెట్ గారి మూడు షరతుల్లో రెండింటికి అది సమాధానం కాదు. బటన్ల సంగతి తర్వాత రాస్తాను, ముందు కార్డు ఎందుకు మొదలు కాలేదో చూద్దాం.

రెట్రోపై 4.8 ఇమేజ్ 2022 మార్చిలో విడుదలైంది. అది డెబియన్ అనే లినక్స్ రకంలో 10వ విడుదల, అంటే బస్టర్, పునాది మీద కట్టినది. పై 5ను 2023 సెప్టెంబరు 28న ప్రకటించారు, అక్టోబరు చివరి నుంచి పంపడం మొదలుపెట్టారు. దానితోపాటు వచ్చిన రాస్‌బెర్రీ పై ఓఎస్ డెబియన్ 12, అంటే బుక్‌వార్మ్ ఆధారంగా ఉంది, అంతకంటే పాత ఓఎస్ విడుదలలు ఈ బోర్డు మీద మొదలు కావు. 4.8 ఇమేజ్ ఎంత బాగున్నా అందులో ఈ బోర్డును గుర్తించే ఫర్మ్‌వేర్ గాని, ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ గాని లేవు. దుకాణదారుడు అమ్మిన కార్డులో ఉన్నది కూడా దాదాపుగా అదే ఇమేజ్ అయి ఉంటుంది, పైన కొత్త స్టిక్కరు అంటించి ఉంటారు.

ఇంకొక లోతైన కారణం కూడా ఉంది. పై 5లోని బీసీఎం2712 చిప్‌లో ఉన్నవి నాలుగు కార్టెక్స్-ఏ76 కోర్లు, వేగం 2.4 గిగాహెర్ట్జ్. ఈ కోర్లు 32-బిట్ ప్రోగ్రాములను నడపగలవు గాని, 32-బిట్ కెర్నల్‌ను నడపలేవు. మూడో తరం పై కోసం తయారైన రెట్రోపై ఇమేజ్ ఆసాంతం 32-బిట్ వ్యవస్థ. కాబట్టి పాత ఇమేజ్‌కు ఒకటి రెండు ఫైళ్లు కలిపితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

హోసూరు_రోడ్

టంకంపొగ గారు చెప్పిన కారణాలన్నీ నాకు అర్థమయ్యాయి, కానీ ఏడాది అన్నది చిన్న వ్యవధి కాదు. మిగతా రెండు జట్లు కొద్ది నెలల్లో ఇవ్వగలిగినది ఈ జట్టు మాత్రం ఎందుకు ఇవ్వలేకపోతోంది? కనీసం ఒక తేదీ చెబితే వినియోగదారులకు ఊరటగా ఉండేది. కొందరైతే బోర్డు కొని డబ్బాలోనే ఉంచేశారు. ప్రకటన వచ్చిన రోజే డబ్బు కట్టి, ఎక్కువ ధరకు కొన్నవారు కూడా మన మధ్యనే ఉన్నారు.

అర్ధరాత్రి_కంపైలర్ (కోరమంగల)

హోసూరు రోడ్ గారూ, మీ అసహనం సహజమే గాని, తేదీ అడగడంలో అర్థం లేదని నా అభిప్రాయం. రెట్రోపై మీద పనిచేస్తున్నవారు జీతగాళ్లు కారు, తమ ఖాళీ సమయంలో చేస్తున్నవారు. ఇంతకుముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పై 4 బోర్డు 2019 జూన్‌లో వచ్చింది, దానికి మద్దతుతో రెట్రోపై 4.6 విడుదలైంది 2020 ఏప్రిల్‌లో. అంటే పది నెలలు. అప్పుడు కూడా ఇవే ప్రశ్నలు వచ్చాయి, అప్పుడు కూడా ఎవరూ తేదీ చెప్పలేదు.

అసలు విషయం ఏమిటంటే, ఇమేజ్ అన్నది పనిలో చివరి మెట్టు. దానికి ముందు జరగవలసిన పని దాదాపుగా జరిగిపోయింది. రెట్రోపై-సెటప్ అనే స్క్రిప్టు పై 5ను ఒక ప్రత్యేక వేదికగా గుర్తిస్తుంది. రాస్‌బెర్రీ పై ఓఎస్ లైట్, 64-బిట్ రకాన్ని కార్డు మీద రాసి, గిట్‌ను స్థాపించుకుని, గిట్‌హబ్ నుంచి ఆ స్క్రిప్టును తెచ్చుకుని, అందులో "బేసిక్ ఇన్‌స్టాల్" అన్నది ఎంచుకుంటే ఆటల మెనూ చూపే ఎమ్యులేషన్‌స్టేషన్, ఎమ్యులేటర్లను (పాత యంత్రాలను అనుకరించే ప్రోగ్రాములను) నడిపే రెట్రోఆర్చ్, అందులో అమరే ముఖ్యమైన ఎమ్యులేటర్ కోర్లు అన్నీ వస్తాయి. ఇది దొడ్డిదారి కాదు, రెట్రోపై పత్రాల్లోనే చెప్పిన పద్ధతి. మనం ఎదురుచూస్తున్నది అద్భుతమైన కొత్త సాఫ్ట్‌వేర్ కోసం కాదు, ఈ పనంతా మరొకరు మన బదులు చేసి ఒక ఫైలుగా ఇవ్వడం కోసం. ఆ తేడా తెలిశాక ఆగడమా మానడమా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చు.

మిగతా రెండు జట్లతో పోలిక గురించి కూడా ఒక మాట. బటోసెరా, రికల్‌బాక్స్ రెండూ బిల్డ్‌రూట్‌తో మొత్తం వ్యవస్థను తామే నిర్మించుకుంటాయి, కాబట్టి కెర్నల్ నుంచి మెనూ వరకు ఏది ఎప్పుడు మారాలో వారి చేతిలోనే ఉంటుంది. రెట్రోపై మాత్రం మామూలు డెబియన్ వ్యవస్థ మీద అమరే ఒక పొర. కింద ఉన్న ఓఎస్ మారితే పైన ఉన్న ప్రతి ప్యాకేజీ మళ్లీ పరీక్షకు నిలబడాలి. బస్టర్ నుంచి బుక్‌వార్మ్‌కు రావడమంటే మధ్యలో బుల్స్‌ఐని కూడా దాటి రెండు మెట్లు ఎక్కడం. అదృష్టమో దురదృష్టమో గాని, ఆ రెండు మెట్లలోనే చిత్రాన్ని తెర మీదకు పంపే దారి మొత్తం మారిపోయింది.

పై 3 వరకు రెట్రోపైలోని ఎమ్యులేటర్లు బ్రాడ్‌కామ్ వారి సొంత గ్రాఫిక్స్ లైబ్రరీలను, డిస్ప్‌మ్యాన్‌ఎక్స్ అనే పాత పద్ధతిని వాడుకునేవి. ఎమ్యులేటర్ ఒక చిన్న చిత్రాన్ని ఇస్తే దాన్ని తెర పరిమాణానికి పెంచే పనిని చిప్ దాదాపు ఖర్చు లేకుండా చేసేది. బలహీనమైన పై 1 మీద కూడా ఆటలు సాఫీగా నడిచాయంటే అందులో దీని పాత్ర చాలా ఉంది. ఇప్పుడు ఆ లైబ్రరీలు లేవు, అందరూ లినక్స్‌లో అందరికీ ఉమ్మడిగా ఉన్న కేఎంఎస్, మీసా అనే గ్రాఫిక్స్ దారిలోనే రావాలి. దీర్ఘకాలానికి ఇది మంచి మార్పే, ఎందుకంటే ఒక సంస్థ మూసి ఉంచిన డ్రైవర్ మీద ఆధారపడనవసరం లేదు. కానీ పాత పద్ధతికే అతుక్కుని రాసిన ఎమ్యులేటర్లు కొన్ని ఉన్నాయి, వాటిని ఎవరో ఒకరు కూర్చుని మార్చాలి, లేకపోతే వదిలేయాలి. మొదలయ్యేటప్పుడు కనిపించే స్ప్లాష్ వీడియోలు ఆడించే ఓఎంఎక్స్‌ప్లేయర్ కూడా ఇదే కారణంగా తెరమరుగైంది.

హోసూరు_రోడ్

వివరణకు ధన్యవాదాలు. పై 4 సమయంలో పది నెలలు పట్టిందన్న సంగతి నాకు తెలియదు. అయినా ఒక మామూలు కొనుగోలుదారుడు టెర్మినల్ తెరిచి స్క్రిప్టులు నడపాలంటే భయపడతాడన్న నా అభ్యంతరం అలాగే ఉంది.

అర్ధరాత్రి_కంపైలర్

భయపడేవారికి బాటసారి గారు చెప్పిన బటోసెరాయే సరైన దారి. అందులో సందేహం లేదు. పాతక్యాసెట్ గారు జీపీఐఓకు టంకం వేసిన మనిషి, ఆయనను టెర్మినల్ భయపెట్టదని అనుకుంటున్నాను.

పాతక్యాసెట్

టెర్మినల్ భయం లేదు. నాకున్న భయం బటన్ల గురించే. ప్రస్తుతం జీపీఐఓ పిన్నులను చదివి బటన్లుగా చూపే ఎంకే ఆర్కేడ్ జాయ్‌స్టిక్ డ్రైవర్ వాడుతున్నాను. పై 5 మీద బుక్‌వార్మ్ వేసి ఆ డ్రైవర్‌ను కంపైల్ చేస్తే అది పనిచేస్తుందా?

టంకంపొగ

పనిచేయదు. ఇక్కడే పై 5 అంతకుముందు వచ్చిన అన్ని పై బోర్డుల నుంచి విడిపోయింది, కాబట్టి కాస్త విపులంగా రాస్తాను.

పై 4 వరకు జీపీఐఓ పిన్నులు ప్రధాన చిప్‌లోనే ఉండేవి. వాటిని నియంత్రించే రిజిస్టర్లు జ్ఞాపకంలో ఒక నిర్దిష్టమైన చిరునామాలో ఉండేవి. ఎంకే ఆర్కేడ్ లాంటి డ్రైవర్లు లినక్స్ ఇచ్చే మధ్యవర్తిని పక్కన పెట్టి నేరుగా ఆ చిరునామాకే వెళ్లి పిన్నుల స్థితిని చదివేవి. పై 5లో యూఎస్‌బీ, ఈథర్నెట్, జీపీఐఓ అన్నీ ఆర్‌పీ1 అనే వేరే చిప్‌లోకి మారాయి. ఇది రాస్‌బెర్రీ పై వారు స్వయంగా రూపొందించుకున్న చిప్, ప్రధాన చిప్‌కు పీసీఐఈ మార్గం ద్వారా కలిసి ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన వారి పాత చిరునామాకు ఉత్తరం వేస్తే ఎలా ఉంటుందో, పాత డ్రైవర్ పై 5 మీద చదివేది అలాగే ఉంటుంది. పైథాన్‌లో అందరూ వాడిన ఆర్‌పై.జీపీఐఓ లైబ్రరీ కూడా ఇదే కారణంతో పనిచేయదు, దాని స్థానంలో ఎల్‌జీపీఐఓ వాడమంటున్నారు.

అయితే మీ తీగలు విప్పనవసరం లేదు. కెర్నల్‌లోనే జీపీఐఓ-కీస్ అనే డ్రైవర్ ఉంది. అది రిజిస్టర్లను స్వయంగా ముట్టుకోదు, కెర్నల్ ద్వారా అడుగుతుంది, కాబట్టి కింద ఆర్‌పీ1 ఉన్నా మరొకటి ఉన్నా దానికి తేడా లేదు. కాన్ఫిగ్ ఫైల్‌లో "జీపీఐఓ-కీ" ఓవర్‌లేను (బోర్డుకు ఏం కలిపామో కెర్నల్‌కు చెప్పే వివరణను) ఒక్కొక్క బటన్‌కు ఒక్కొక్క వరుసగా చేర్చి, పిన్ను సంఖ్య, కీకోడ్, పుల్-అప్ చెప్పాలి. అప్పుడు ప్రతి బటన్ కీబోర్డు మీద ఒక మీటలా కనిపిస్తుంది. ఇరవైకి పైగా వరుసలు రాయడం విసుగనిపిస్తే, అన్ని బటన్లనూ ఒకే నోడ్ కింద పెట్టి సొంత ఓవర్‌లే రాసుకోవచ్చు, అప్పుడు మొత్తం ప్యానెల్ ఒకే పరికరంగా వస్తుంది. నేనైతే రెండో పద్ధతినే ఇష్టపడతాను.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఎమ్యులేషన్‌స్టేషన్‌లో కీబోర్డును అమర్చితే అది మొదటి ఆటగాడికే వర్తిస్తుంది. రెండో ఆటగాడి మీటలను రెట్రోఆర్చ్ కాన్ఫిగ్ ఫైల్‌లో చేతితో రాయాలి. ఇక బటన్ నొక్కినప్పుడు లోహపు స్పర్శ వణుకుతుంది కనుక జీపీఐఓ-కీస్ డ్రైవర్ మామూలుగా 5 మిల్లీసెకన్లు వేచి చూస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, కాబట్టి చేతికి తెలిసేంత తేడా ఏమీ ఉండదు. పోటీ ఆటలు ఆడేవారికి అది కూడా ఎక్కువనిపిస్తే తగ్గించుకోవచ్చు.

నీలిరంగు_గుండీ

టంకంపొగ గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ఎస్.పి. రోడ్డులో బటన్లను గేమ్‌ప్యాడ్‌లా చూపే యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు దొరుకుతాయి, ఇద్దరు ఆటగాళ్లకు రెండు చాలు. ఒకసారి తీగలు మార్చుకుంటే రేపు పై 6 వచ్చినా, మినీ పీసీ పెట్టినా, ఏ వ్యవస్థ వేసినా క్యాబినెట్ అలాగే పనిచేస్తుంది. జీపీఐఓ మీద కట్టిన ప్రతిదీ తర్వాతి బోర్డుతో మళ్లీ ప్రశ్నార్థకమవుతుంది. పాతక్యాసెట్ గారి నిరీక్షణలో సగం రెట్రోపై వల్ల కాదు, ఆ తీగల వల్లనే.

టంకంపొగ

ఆ చివరి వాక్యంతో ఏకీభవిస్తాను. కానీ ఆయన మొదటి షరతు తీగలు విప్పకూడదన్నది కనుక దానికి లోబడి సమాధానం ఇచ్చాను. టంకం వేసిన కీలును విప్పి మళ్లీ వేయడంలో పాత స్విచ్చుల కాళ్లు ఊడిపోతుంటాయి, అదీ ఆలోచించాలి.

నిర్వాహకుడు

ఈ చర్చకు ఒక చిన్న సూచన. ఆటల రోమ్ ఫైళ్ల (ఆటల నకళ్ల) లింకులు ఇక్కడ పెట్టవద్దు, అడగవద్దు. మన దేశపు 1957 కాపీరైట్ చట్టంలోని 52(1)(ఏఏ) నిబంధన ప్రకారం, చట్టబద్ధంగా ప్రోగ్రామ్ కలిగి ఉన్నవారు అది పోకుండా, చెడిపోకుండా రక్షణగా ఒక ప్రతి చేసుకోవచ్చు. ఇతరుల కార్డు నుంచి వేల ఆటలు తెచ్చుకోవడం దాని కిందికి రాదు. ఆటలు నింపిన కార్డులు అమ్మే దుకాణాల పేర్లు కూడా రాయవద్దు. రెట్రోపైలో భాగమైన కొన్ని ఎమ్యులేటర్ల లైసెన్సులు వ్యాపారానికి వాడడాన్ని అనుమతించవు, ఉదాహరణకు స్నెస్‌9ఎక్స్. కాబట్టి ఆటల సంగతి పక్కన పెట్టినా, రెట్రోపైని కార్డులో నింపి అమ్మడమే ఆ షరతులకు విరుద్ధం.

పల్నాడు_పిక్సెల్ (మారతహళ్ళి)

నాకు మొత్తం చర్చ మీదనే ఒక సందేహం. పాతక్యాసెట్ గారి క్యాబినెట్ పిక్చర్ ట్యూబ్ టీవీకి కలిపి ఉంది, అందులో ఆడేవి ఎక్కువగా 1980లు, 90ల నాటి ఆర్కేడ్, ఫ్యామికామ్, మెగా డ్రైవ్ ఆటలే అయి ఉంటాయి. వాటికి పై 3బీ ప్లస్ ఎక్కువే. చిన్నప్పుడు మనం ఆడిన "క్యాసెట్" ఆటలకు 2.4 గిగాహెర్ట్జ్ ఎందుకు? నింటెండో 64 కోసమే అయితే పై 5కు వేరే హెచ్‌డీఎమ్‌ఐ టీవీ పెట్టుకుని, క్యాబినెట్‌ను పాత బోర్డుతో అలాగే వదిలేయడం తెలివైన పని కదా. ఆగడం, కట్టడం అన్న రెండే దారులు ఉన్నట్టు మాట్లాడుతున్నాం గాని, మార్చకుండా ఉండడం అన్నది కూడా ఒక దారే.

అర్ధరాత్రి_కంపైలర్

న్యాయమైన ప్రశ్న, దీనికి నా సమాధానం రన్-అహెడ్. రెట్రోఆర్చ్‌లో 2018 నుంచి ఉన్న ఈ సదుపాయం గురించి చాలామంది విని ఉంటారు గాని వాడి ఉండరు, ఎందుకంటే పాత పై బోర్డులకు దాన్ని మోసే శక్తి లేదు.

అసలు పాత ఆటల్లోనే బటన్ నొక్కాక తెర మీద బొమ్మ కదలడానికి ఒకటి, రెండు, కొన్నిసార్లు మూడు ఫ్రేముల ఆలస్యం ఉంటుంది. అది ఆ ఆట రాసిన పద్ధతిలోనే ఉన్న ఆలస్యం. దాని మీద లినక్స్, యూఎస్‌బీ, తెర కలిసి మరికొంత ఆలస్యాన్ని చేరుస్తాయి. రన్-అహెడ్ ఏం చేస్తుందంటే, ప్రతి ఫ్రేము దగ్గర ఆట స్థితిని భద్రపరచి, మీరు ఇప్పుడు నొక్కిన బటన్‌తో ఒకటి రెండు ఫ్రేములు కనిపించకుండా ముందుకు నడిపి, ఆ ముందున్న ఫ్రేమును చూపిస్తుంది, తర్వాత భద్రపరచిన స్థితికి వెనక్కి వస్తుంది. అంటే ప్రతి ఫ్రేమునూ రెండు మూడు సార్లు లెక్కించాలి. సూపర్ ఫ్యామికామ్ ఆటను మామూలుగా నడపడానికి పై 3 సరిపోతుంది గాని, కచ్చితమైన ఎమ్యులేటర్‌తో దానిని మూడుసార్లు నడపాలంటే సరిపోదు. పై 5 ప్రాసెసర్ పై 4 కంటే రెండు నుంచి మూడు రెట్లు వేగవంతమైనదని తయారీదారులే చెబుతున్నారు. పై 3 నుంచి వచ్చేవారికి తేడా ఇంకా ఎక్కువ. కాబట్టి పాత ఆటలకు కూడా కొత్త బోర్డు వల్ల చేతికి తెలిసే లాభం ఉంది. అసలు యంత్రం మీద ఆడినప్పటి చురుకుదనం కావాలంటే నేను పై 5నే ఎంచుకుంటాను.

పల్నాడు_పిక్సెల్

ఇది నేను ఊహించని సమాధానం. అయినా పిక్చర్ ట్యూబ్ టీవీకి సొంత ఆలస్యం దాదాపు ఉండదు కాబట్టి ఆయనకు అవసరం తక్కువే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఇంతకీ ఆ టీవీకి పై 5ను ఎలా కలుపుతారో ఎవరూ చెప్పలేదు.

టంకంపొగ

పై 5లో 3.5 మిల్లీమీటర్ల జాక్ తీసేశారు. పై 3లో ధ్వనీ, పాత టీవీలు తీసుకునే కాంపోజిట్ చిత్రమూ రెండూ దాని ద్వారానే వచ్చేవి. కాంపోజిట్ పూర్తిగా పోలేదు, అది కూడా ఆర్‌పీ1లోకి వెళ్లింది. బోర్డు అంచున దాని కోసం రెండు రంధ్రాలు ఉన్నాయి, వాటికి పిన్నులు టంకం వేసుకుని ఆర్‌సీఏ తీగ కలపాలి. తర్వాత కాన్ఫిగ్ ఫైల్‌లో వీసీ4 ఓవర్‌లేకు కాంపోజిట్ అన్న పదాన్ని చేర్చాలి. పాత రోజుల్లో ఎస్‌డీటీవీ మోడ్ అని ఒక్క అంకె మార్చితే 240 గీతల చిత్రం వచ్చేది, ఇప్పుడు అదే పనిని కెర్నల్ కమాండ్ లైన్‌లో వీడియో మోడ్‌గా చెప్పుకోవాలి. ఇది ఓపిక కోరే పని. మొదట హెచ్‌డీఎమ్‌ఐ తెర మీద అంతా పనిచేస్తోందని చూసుకున్నాకే కాంపోజిట్ జోలికి వెళ్లండి, లేకపోతే తప్పు ఆటలో ఉందో తెరలో ఉందో తెలియక సతమతమవుతారు.

ధ్వనికి కాంపోజిట్ తీగ పనికిరాదు. క్యాబినెట్‌లో ఆంప్లిఫయర్ ఉంటుంది కదా, దానికి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు చాలు. జీపీఐఓ పిన్నులన్నీ బటన్లకే పోయాయి కాబట్టి ఆ పిన్నుల మీద అమరే ఐ2ఎస్ డాక్ అనే ధ్వని బోర్డు పెట్టే అవకాశం మీకు లేదు.

ఎస్పీరోడ్_బాటసారి

సేవ్‌ల షరతును అందరూ మరిచిపోయారు. బ్యాటరీ సేవ్‌లు, అంటే ఎస్‌ఆర్‌ఎం ఫైళ్లు, కార్ట్రిడ్జ్‌లోని జ్ఞాపకానికి నకలు కాబట్టి పాత కార్డు నుంచి కొత్త వ్యవస్థకు నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు, బటోసెరాకైనా సరే. సేవ్ స్టేట్‌లు మాత్రం అలా కాదు. ఎమ్యులేటర్ వెర్షన్ మారినా, 32-బిట్ నుంచి 64-బిట్‌కు మారినా అవి తెరుచుకోకపోవచ్చు. కాబట్టి పాత బోర్డు ఇంకా పనిచేస్తుండగానే ప్రతి ఆటనూ తెరిచి, స్టేట్ నుంచి మొదలుపెట్టి, ఆటలోనే ఉన్న సేవ్ స్థలానికి వెళ్లి భద్రపరచండి. పిల్లలకు ఆ పని అప్పగిస్తే వారే సంతోషంగా చేస్తారు.

ఆర్కేడ్ ఆటలకు మరో చిక్కు. మామ్2003 కోర్‌కు 0.78 నాటి రోమ్‌సెట్ కావాలి, మామ్2010కు 0.139 నాటిది కావాలి. ఎఫ్‌బీనియోకు ఎప్పటికప్పుడు తాజా సెట్ కావాలి. కొత్త కార్డులో కోర్ మార్చి పాత ఫైళ్లు పెడితే సగం ఆటలు తెరుచుకోవు, అప్పుడు అందరూ బోర్డును తిడతారు. ఇప్పుడు ఏ కోర్‌తో ఆడుతున్నారో రాసిపెట్టుకుని అదే కోర్‌ను కొత్తదాంట్లో వేసుకోండి.

అర్ధరాత్రి_కంపైలర్

బాటసారి గారు చెప్పినదానికి ఒక చేర్పు. పై 5లో రాస్‌బెర్రీ పై ఓఎస్ మామూలుగా జ్ఞాపకాన్ని 16 కేబీ పేజీలుగా విభజించే కెర్నల్‌ను వాడుతుంది. చాలా ప్రోగ్రాములకు దానితో ఇబ్బంది లేదు గాని, 4 కేబీ పేజీలే ఉంటాయని నమ్మి రాసిన పాత ప్రోగ్రాములు కొన్ని, ముఖ్యంగా 32-బిట్‌వి, మొదలవగానే ఆగిపోతాయి. ఎమ్యులేటర్ ఏ కారణం చెప్పకుండా మెనూకు తిరిగివస్తుంటే, కాన్ఫిగ్ ఫైల్‌లో కెర్నల్8 ఇమేజ్‌ను ఎంచుకుని చూడండి, అది 4 కేబీ పేజీలది. ఫోరమ్‌లలో "పై 5 మద్దతు లేదు" అని చెప్పే ఫిర్యాదుల్లో కొన్నింటికి అసలు కారణం ఇదే.

స్క్రిప్టు నడుపుతున్నప్పుడు చాలా ప్యాకేజీలు మూలం నుంచి కంపైల్ అవుతాయి కాబట్టి బోర్డు వేడెక్కుతుంది. యాక్టివ్ కూలర్ లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దు. మూసిన చెక్క క్యాబినెట్‌లో అయితే వెనుక తలుపు తెరిచే ఉంచండి.

పాతక్యాసెట్

అందరికీ ధన్యవాదాలు. ఇమేజ్ కోసం ఆగడం లేదు. రాస్‌బెర్రీ పై ఓఎస్ లైట్ మీద రెట్రోపై-సెటప్ వేసి, జీపీఐఓ-కీస్‌తో సొంత ఓవర్‌లే రాసుకుంటాను. నీలిరంగు గుండీ గారి యూఎస్‌బీ సలహా బాగున్నా, స్విచ్చులు నిజంగానే పాతవి. పల్నాడు పిక్సెల్ గారు చెప్పినట్టు పై 3ని పారేయను. కాంపోజిట్ సర్దుకునేదాకా అది క్యాబినెట్‌లోనే ఉంటుంది, కొత్త బోర్డును బల్ల మీద మానిటర్‌తో పరీక్షిస్తాను. పిల్లలు సేవ్ స్టేట్‌ల పని మొదలుపెట్టారు.

చివరిగా రెండు ప్రశ్నలు. నా దగ్గర ఉన్నది పై 4కు కొన్న 3 యాంపియర్ల చార్జరు, అది చాలదా? మా వీధిలో కరెంటు చెప్పకుండా పోతుంటుంది, పాత బోర్డులో రెండు కార్డులు అలాగే చెడిపోయాయి. పై 5లో దానికి ఏదైనా మార్గం ఉందా?

టంకంపొగ

పై 5 కోసం చెప్పిన చార్జరు 27 వాట్లది, 5.1 వోల్టుల దగ్గర 5 యాంపియర్లు ఇస్తుంది. 3 యాంపియర్లదానితో కూడా బోర్డు మొదలవుతుంది, కానీ యూఎస్‌బీ పోర్టులన్నింటికీ కలిపి 600 మిల్లీయాంపియర్లే ఇస్తుంది. 5 యాంపియర్లది పెడితే ఆ పరిమితి 1.6 యాంపియర్లకు పెరుగుతుంది. సౌండ్ కార్డు, ఒక గేమ్‌ప్యాడ్ వరకు మీ పాత చార్జరుతో నడుస్తుంది. హార్డ్ డిస్క్ మాత్రం పెట్టవద్దు.

కరెంటు పోతే కాపాడే మార్గం బోర్డులో లేదు, చిన్న యూపీఎస్ పెట్టుకోవలసిందే. అయితే సరిగా ఆపడానికి ఇప్పుడు పవర్ బటన్ ఉంది. దాని పనినే చేసే జే2 అనే రెండు రంధ్రాలు బోర్డు మీద ఉన్నాయి, నొక్కితే కలిసి వదిలితే విడిపోయే మామూలు స్విచ్చును వాటికి టంకం వేస్తే క్యాబినెట్ ముందు నుంచే ఆపవచ్చు, మళ్లీ మొదలుపెట్టవచ్చు. మీ బటన్లలోంచి పిన్ను ఒకటి దీనికి ఇవ్వనవసరం లేదు.

పాతక్యాసెట్

ఎర్రబటన్ ఒకటి మిగిలి ఉంది, దానికే వాడతాను. ఓవర్‌లే రాశాక పిన్నుల పట్టికతో సహా ఇక్కడే పెడతాను.